ఆ కిలోమీటరున్నర

నీళ్ళు మురికిగా ఉంటే కాచి వడబోసుకుంటాం. కూర పాచిపోతే అవతల పారబోస్తాం. గాలి విషయంలో మాత్రం మనకు అటువంటి స్వాతంత్ర్యం లేదు. మనిషన్నవాడు రోజుకు 10,000 లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. బాగున్నదో లేదో రుచి చూసి పీల్చే సావకాశం ఎవరికీ లేదు. కోటీశ్వరుడైనా, కూలివాడైనా నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం ముందు ఆగినప్పుడు పీల్చేది ఒకే గాలి. కోటీశ్వరుడు కారు అద్దాలు పైకెత్తుకుంటాడు, నిజమే. అయినా కారు లోపలికి వచ్చే గాలి కూడా ఎక్కడో బయటినుంచే రావాలి గదా! ముందు బండి వదిలిన పొగే వెనక బండిలోకి చేరుతుంది. అందులో ఒక సన్నని ధూళి ఉన్నది. దాన్ని గురించి ముందుగా రెండు మాటలు చెప్పాలి.

శాస్త్రజ్ఞులు దానికి పి.ఎం. 2.5 అని పేరు పెట్టారు. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాను అంటారు. రెండున్నర మైక్రాన్లు, అంతకన్న సన్నగా ఉండే కణాలన్నమాట ఇవి. మన తల వెంట్రుక మందంలో ముప్పయ్యోవంతు. పెద్ద దుమ్మును ముక్కూ, గొంతూ కొంతవరకు ఆపుతాయి గాని దీన్ని ఆపలేవు. ఇది ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. కొంత నెత్తుటిలోకీ దిగుతుంది. దగ్గు, ఉబ్బసాలకే కాక గుండెపోటుకు, పక్షవాతానికి కూడా ఇది దోహదం చేస్తున్నదని వైద్యులు తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా విభాగం 2012లో డీజిలు పొగను కాన్సరు కారకాల జాబితాకు ఎక్కించింది. ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని 2021లో ఆ సంస్థ చెప్పింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. అంటే మన హద్దే వారి హద్దుకు ఎనిమిదింతలు. దాన్ని సైతం దాటిపోయే ఊళ్ళు మనకు కొన్ని ఉన్నాయి!

పాపమంతా మోటారు బళ్ళదే అనటం న్యాయం కాదు. ఇటికెల బట్టీలు, కర్మాగారాలు, కట్టడాల దుమ్ము, వీధి చివర తగలబెట్టే చెత్త, కట్టెల పొయ్యిలు, అన్నిటికీ ఇందులో భాగం ఉన్నది. అయితే కర్మాగారపు గొట్టం ఆకాశంలో ఉంటుంది. బండి గొట్టం మన మోకాళ్ళ దగ్గర ఉంటుంది. పసిపిల్లల విషయంలో సరిగ్గా ముక్కు దగ్గర.

మా ఇంటి పార్లమెంటు

ఈ సంగతి మా ఇంట్లో చర్చకు రావటానికి కారణం మా మనుమడు. వాడికి అయిదేళ్ళు. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్ళు పిల్లికూతలు. ఒళ్ళో కూచోబెట్టుకుని, యంత్రంతో మందు పొగ పట్టిస్తూ, మేమందరం వంతులవారీగా జాగారం చేస్తాం. దుమ్ముకూ, పొగకూ దూరంగా ఉంచమని డాక్టరుగారు చెప్పారు. హైదరాబాదులో సైదాబాదు ప్రాంతాన కాపురముంటూ పొగకు దూరంగా ఉండటమెట్లాగో మాత్రం చెప్పలేదు.

మా అబ్బాయి దీనికొక ఉపాయం ఆలోచించాడు. "నాన్నా, వాయిదాల మీద కారు తీసుకుందాం. అద్దాలు బిగించుకుని వాణ్ణి బడిలో దింపి, నేను అటే ఆఫీసుకు పోతాను," అన్నాడు. వాడి ఆఫీసు అమీర్‌పేటలో. ఇంటినుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ఇప్పుడు మోటారుసైకిలు మీద వెళుతున్నాడు.

"ఒరేయ్, పొగనుంచి తప్పించుకోవటానికి కారు కొంటానంటావు. పక్కింటాయన కూడా ఆ ఉద్దేశంతోనే కొన్నాడు. ఎదురింటివాళ్ళు రేపు కొంటారు. అందరం పొగనుంచి తప్పించుకుంటూ పోతే, ఇక ఆ పొగ ఎవరిదంటావు?" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "మీరు చెప్పేది బాగానే ఉంది గాని, పిల్లవాడు కూతలు పెడుతుంటే దేశం సంగతి ఎవరాలోచిస్తారండీ?" అన్నది. కాదనటానికి నా దగ్గర మాట లేదు.

అప్పుడు మా కోడలు అసలు చిక్కు ఎక్కడున్నదో చెప్పింది. "మామయ్యగారూ, ఆయనకు మెట్రో ఎక్కటానికి అభ్యంతరమేమీ లేదండీ. ఎక్కితే నలభై నిమిషాల్లో హాయిగా పోతారు. స్టేషను దాకా పోవటమే కష్టం."

మెట్రో స్టేషను మా ఇంటికి కిలోమీటరున్నర. ఆటోకు తక్కువ కిరాయి, నడకకు ఎక్కువ దూరం. మా అబ్బాయి కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటి చాలాకాలమయింది. అయినా వాడి బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది. రానూపోనూ అరవై రూపాయలతో సరి. మెట్రో టిక్కెట్లూ, రెండు వైపులా ఆటో కిరాయిలూ కలిపితే దానికి రెట్టింపు దాకా అవుతుంది. "గాలి బాగుచెయ్యటానికి నేను రోజుకు అరవై రూపాయలు చందా ఇవ్వాలా నాన్నా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాహనాలను తిట్టిపోసే పెద్దలు సాధారణంగా ఈ లెక్క వెయ్యరు. మన నగరాల్లో తిరిగే వాహనాల్లో సగానికి మించి ఈ రెండు చక్రాల బళ్ళే. వాటిని కొన్నవాళ్ళు విలాసం కోసం కొనలేదు. అవి చవక, గుమ్మం ముందు ఎక్కితే గుమ్మం ముందు దింపుతాయి.

కాలినడకన ఒక సర్వే

ఆ కిలోమీటరున్నరలో ఏమున్నదో చూద్దామని మర్నాడు పొద్దున్న తొమ్మిది గంటలకు, జేబులో చిన్న పుస్తకం, పెన్సిలూ వేసుకుని బయలుదేరాను. మా వీధి దాటగానే కాలిబాట మొదలైంది. ఇరవై అడుగులు సుఖంగా నడిచాను. తరువాత కంకర కుప్ప. దాని పక్కన పదకొండు మోటారుసైకిళ్ళు వరుసగా, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆపైన ఒక ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్టూ కంచె ఉన్నది. మనిషి పోవటానికి దారి లేదు. రోడ్డు మీదికి దిగాను. వెనకనుంచి హారను. మళ్ళీ ఎక్కాను. మూత లేని మురుగు గుంట. దిగాను. టిఫిను బండి చుట్టూ జనం. ఎక్కటం, దిగటం ఎన్నిసార్లయిందో రాసుకుంటూ పోయాను. స్టేషను చేరేసరికి పందొమ్మిది సార్లు.

ఆఖర్న పెద్దరోడ్డు దాటాలి. చారల గుర్తు ఉన్నది గాని దాన్ని బళ్ళవాళ్ళు అలంకారంగా భావిస్తున్నట్టున్నారు. ఆరు నిమిషాలు నిలబడ్డాను. నా పక్కన ఇద్దరు ఆడపిల్లలు, ఒక ముసలమ్మ. చివరకు నలుగురం చేతులెత్తి, దండం పెడుతున్నట్టుగా దాటాం. ఇరవై నిమిషాల్లో తేలవలసిన నడక ముప్పయ్యారు నిమిషాలు పట్టింది.

స్టేషను కింద ఆటోలో కూచున్న ఒకతను నా అవస్థ చూసి, "ఇంత దూరం నడిచినవా సార్?" అని పలకరించాడు. మాటల్లో పొగ సంగతి వచ్చింది. "పొద్దుమూకినంక ఇంటికి పోయి మొహం కడిగితే నీళ్ళు నల్లగ వస్తయి సార్. డాక్టరు మాస్కు పెట్టుకొమ్మన్నడు. మాస్కు పెడితే నా మాట ఇనబడుతలేదని గిరాకీలు కోప్పడతరు," అని నవ్వాడు. రోజుకు పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండే మనిషి. కారు కొని అద్దాలెత్తుకునే ఎన్నిక అతనికి లేదు. కూడలిలో నిలబడే పోలీసుకు లేదు. కాలిబాట మీద పూలు కట్టే ఆమెకు లేదు.

ఒకనాటి ఊరు

మనకు మంచి ఎన్నికలు ఎప్పుడూ లేవని అనుకోకూడదు. హైదరాబాదులో 1932లోనే నిజాం రైల్వేవారు 27 బస్సులతో ప్రజల కోసం సర్వీసు ప్రారంభించారు. మన ఆర్.టి.సి.కి మూలపురుషుడు అదే. మన తెలుగువారెందరో ఉద్యోగాలు చేసిన మద్రాసులో 1895 నుంచి విద్యుత్తు ట్రాములు నడిచాయి. పొగ లేదు, పెట్రోలు లేదు. నష్టం వస్తున్నదని 1953లో అవి ఆగిపోయాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో గుమాస్తాలందరికీ సైకిళ్ళే. సైకిలు స్టాండులో చోటు దొరకక పోట్లాటలయ్యేవి. ఆ సైకిలు ఎప్పుడు మాయమైందో ఎవరూ గమనించలేదు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ కాలిబాట కాస్త సన్నబడింది; సైకిలుకు చోటు లేకపోయింది.

తరువాత మంచి పనులు జరగలేదనటం కూడా తప్పే. 2003లో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్ళు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమై, మూడు దారులు పూర్తయ్యేసరికి 69 కిలోమీటర్లయింది. 2019లో 40 విద్యుత్తు బస్సులు విమానాశ్రయం దారుల్లో తిరగసాగాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణాలో ఆడవారికి బస్సు చార్జీ లేకుండా చేశారు. మా ఆవిడ వాళ్ళ అక్కగారింటికి పోవటం అప్పటినుంచి పెరిగింది. "కూచోటానికి చోటుండదు, అయినా ఒకరి మీద ఆధారపడక్కర్లేదు గదా," అంటుంది. ఆ కిక్కిరిసిన బస్సులు ఒక సంగతి రుజువు చేశాయి. సౌకర్యం అందుబాటులోకి వస్తే జనం తప్పక వస్తారు. బస్సుల సంఖ్య కూడా వారితోపాటు పెరగాలి, అంతే.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఇంధనం మారిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. వారు ఢిల్లీ కథ వినాలి. 1998 జూలైలో సుప్రీంకోర్టు అక్కడి బస్సులన్నిటినీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి.కి, అంటే ఒత్తిడిపెట్టిన సహజ వాయువుకు, మార్చమని ఉత్తర్వు చేసింది. గడువు దాటింది, గ్యాసు బంకుల ముందు బస్సులూ, ఆటోలూ గంటల తరబడి బారులు తీరాయి, ప్రయాణీకులు నానా యాతనా పడ్డారు. ఏమైతేనేం, 2002 ఆఖరుకు డీజిలు బస్సులు పోయాయి. నల్లపొగ తగ్గింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. బస్సు శుభ్రపడింది గాని బస్సు ఎక్కేవాడు కారు కొనుక్కున్నాడు. ఏటేటా కొత్త బళ్ళు రోడ్డెక్కి, మిగిల్చిన గాలినంతా మళ్ళీ ఖర్చు పెట్టేశాయి. 2016 జనవరిలో సరిసంఖ్య కార్లు ఒకనాడు, బేసిసంఖ్య కార్లు ఒకనాడు తిరగాలని పదిహేను రోజులపాటు నియమం పెట్టి చూడవలసి వచ్చింది. శీతాకాలంలో ఢిల్లీని కమ్మే పొగలో పొలాల్లో తగలబెట్టే గడ్డి పొగ కూడా ఉన్నదనుకోండి. అయినా ఇంధనం ఒక్కటే మార్చి మనిషి ప్రయాణపు అలవాటు మార్చకపోతే ఏమవుతుందో అక్కడ కళ్ళారా చూశాం.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చాయి. ఇంధనంలో గంధకం పదిలక్షల పాళ్ళకు 50 నుంచి 10 పాళ్ళకు దిగింది. కొత్త బండి పొగ చాలా తగ్గింది. విద్యుత్తు బండి అయితే అసలు పొగే వదలదు. ఆ విద్యుత్తులో చాలా భాగం రామగుండంలోనో, కొత్తగూడెంలోనో బొగ్గు మండించి తీసినదే. అయినా మా మనుమడి ముక్కు దగ్గర పొగ లేకపోవటం గొప్ప మేలే. కాని టైర్ల అరుగుదల, బ్రేకుల రజను, రోడ్డు మీద లేచే దుమ్ము ఏ బండికైనా తప్పవు. పైగా వంద పెట్రోలు కార్లు ఇరుక్కుపోయిన చోట వంద విద్యుత్తు కార్లు కూడా ఇరుక్కుపోతాయి.

అందుకే లెక్క మనుషుల్లో వెయ్యాలి గాని బళ్ళలో వెయ్యరాదు. యాభైమంది ఒక బస్సు ఎక్కితే రోడ్డు మీద పన్నెండు మీటర్లు చాలు. ఆ యాభైమందే తలా ఒక కారులో వస్తే, మధ్య సందులతో కలిపి పావు కిలోమీటరు పైనే బారు. "పాత బస్సు పొగ చూశారా, కాటుకలాగా ఉంటుంది," అంటారు. నిజమే, దాన్ని మార్చవలసిందే. అయితే ఆ పొగను యాభైమందికి పంచి చూడాలి. ఒంటరిగా పోయే కారువాడి పొగలో భాగస్తులెవరూ లేరు.

స్టాక్‌హోములో ఏం చేశారు?

స్వీడను రాజధాని స్టాక్‌హోములో 2006 జనవరి నుంచి జూలై వరకు ఒక ప్రయోగం చేశారు. నగరం నడిబొడ్డుకు కారులో వచ్చేవారు సుంకం కట్టాలి. అది వినగానే జనంలో చాలామంది మండిపడ్డారు. కాని అక్కడి ప్రభుత్వం ఒక తెలివైన పని చేసింది. సుంకానికి కొన్ని నెలల ముందే, 2005 ఆగస్టులో, 200 దాకా కొత్త బస్సులు దింపి, కొత్త దారులు వేసింది. ముందు వేరే దారి చూపించి, తరువాత చెయ్యి చాచింది. సుంకపు గీత దాటే బళ్ళు అయిదోవంతు తగ్గాయి. ప్రయోగం ముగిశాక సెప్టెంబరులో ప్రజల వోటు అడిగితే, మొదట తిట్టిన నగరవాసులే ఉండనివ్వమన్నారు. 2007లో సుంకం శాశ్వతమైంది. తరువాతి సంవత్సరాల్లో అక్కడి చిన్నపిల్లల్లో తీవ్రమైన ఉబ్బసంతో ఆస్పత్రికి రావటం బాగా తగ్గిందని పరిశోధకులు లెక్క తేల్చారు. అదీ ఒక్కరోజులో కాదు, ఏళ్ళు గడిచేకొద్దీ.

ఆ చివరి మాట చదివినప్పుడు నాకు మా ఇంట్లో జాగారాలు గుర్తుకు వచ్చాయి. రోడ్డు మీద పెట్టిన ఒక నియమం పసివాడి గుండెలో పిల్లికూత తగ్గించగలదని ఎవరనుకుంటారు? అయితే ఆ సుంకం మాత్రమే తెచ్చి ఇక్కడ పెడితే లాభం లేదు. బస్సు రాని వీధిలో కారు మీద సుంకం వెయ్యటం, అన్నం పెట్టకుండా ఫలహారం మానుకోమనటం వంటిది.

మనకు కావలసినవి

మెట్రోకు వేల కోట్లు ఖర్చు పెట్టాం. ఆ మెట్రో మెట్ల దాకా మనిషి నడిచి వచ్చే దారికి కొన్ని లక్షలు పెట్టటానికి మనసొప్పటం లేదు. స్టేషను చుట్టూ రెండు కిలోమీటర్ల మేర కాలిబాటలు ఎత్తుపల్లాలు లేకుండా, బళ్ళు ఎక్కకుండా అడ్డుకమ్ములతో ఉంటే, చెట్టు నీడ ఉంటే, రోడ్డు దాటే చోట నడిచేవాడికి పచ్చదీపం వెలిగితే, మా అబ్బాయి లెక్కలో ఆటో కిరాయి కొట్టివేయవచ్చు. నడవలేనివారికి పది నిమిషాలకొక చిన్న బస్సు గల్లీల్లోంచి స్టేషనుకు తిరగాలి. ఆ బస్సుకూ, మెట్రోకూ కలిపి ఒకే టిక్కెట్టు ఉంటే చవక అవుతుంది. కాలిబాట మీద ఊరికే బండి నిలిపేవాడు చోటుకు అద్దె కట్టాలి. ఆ డబ్బుతోనే కాలిబాట బాగుచెయ్యవచ్చు. బస్సు ఎప్పుడొస్తుందో తెలిసేట్టు, వచ్చిన బస్సులో కాలు పెట్టుకునే చోటుండేట్టు బస్సులు పెరగాలి. ఇవేవీ చంద్రమండలం మీదినుంచి తేవలసినవి కావు.

మనం చెయ్యగలిగినవీ కొన్ని ఉన్నాయి. ఎర్రదీపం దగ్గర ఇంజను ఆపెయ్యటం. టైర్లలో గాలి సరిగా ఉంచటం. సందు చివర కొట్టుకు బండి తియ్యకుండా నడిచి పోవటం. బడికి పోయే పిల్లలున్న నాలుగిళ్ళవాళ్ళు ఒకే బండిలో పంపుకోవటం. ఇవి చిన్నవే, అయినా వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా ఇంట్లో కారు బిల్లు ఇంకా పెండింగులోనే ఉన్నది. వాయిదా డబ్బు ఎంతవుతుందో తేలాక మా అబ్బాయి ఉత్సాహం కాస్త సన్నగిల్లింది. ప్రస్తుతానికి వారంలో మూడు రోజులు వాణ్ణి మా పొరుగాయన తన బండి మీద స్టేషనులో దింపుతున్నారు. ఆయనది ఆ దారే. మిగతా రోజులు మా వాడు మోటారుసైకిలే. మనుమణ్ణి బడికి నేను నడిపించుకుపోతున్నాను, పెద్దరోడ్డు తప్పించి వెనక గల్లీలోంచి. పెద్దరోడ్డుకు ఒక్క వీధి అవతల నడిచినా ఆ ధూళి కొంత తగ్గుతుందని డాక్టరుగారే చెప్పారు.

ఇక కార్పొరేషను ఎన్నికలు వచ్చినప్పుడు మా గుమ్మం ముందుకు ఎందరో వస్తారు. చేతులు జోడిస్తారు, కరపత్రాలిస్తారు. వారి పార్టీ ఏదో నేను అడగదలచుకోలేదు. నా కోరిక ఒక్కటే. పొద్దున్న తొమ్మిది గంటలకు, బడిసంచీ తగిలించుకున్న మా మనుమడి చెయ్యి పట్టుకుని, కాలిబాట దిగకుండా మా ఇంటినుంచి స్టేషను దాకా నడిచి చూపించాలి. అట్లా నడవగలిగే దారి వేస్తానని మాట ఇచ్చి, వేసి చూపించినవారికే మా ఇంటి నాలుగు వోట్లూ.